పడవ అడుగున ఆముదం

మిరపకాయ కోసే ఆడది చేతులకి ఆముదం రాసుకోకుండా చేలోకి దిగిందంటే ఇక ఆ పూట అన్నం కలుపుకుని తినలేదు. పసిబిడ్డని ఎత్తుకోలేదు. కంట్లో నలక పడినా తీసుకోలేదు. అందుకని మా ముఠాలో పొద్దున్నే రేవు దగ్గర అందరికంటే ముందు బయటికొచ్చేది ఆముదం సీసా. మోచేతుల దాకా పూసుకుని, పాదాలకీ మడమల పగుళ్ళకీ పట్టించి, ఆ జిడ్డు చేతులతోనే పడవ అంచు పట్టుకుని ఎక్కేవాళ్ళం. ఏళ్ళ తరబడి అలా ఎక్కీ దిగీ పడవ చెక్కలు నల్లగా నిగనిగలాడుతుండేవి. అడుగున ఊరే నీళ్ళ మీద ఎప్పుడు చూసినా నూనె తెట్టు. పడవ తోలేది మా ఆయన జయపాల్. ఆ నీళ్ళు తోడిపోస్తూ, మీ ఆడాళ్ళ ఆముదం అమ్ముకున్నా ఇంకో పడవ కొనొచ్చని ఆటపట్టించేవాడు. నిరుడు కోతల దాకా అది మాకు నవ్వుకునే మాటే.

నా పేరు మహిమ. ముఠా మేస్త్రిని. నలభై మంది ఆడవాళ్ళని పోగుచేసి, కృష్ణ దాటించి, లంకలో అంకమ్మరావు గారి మిరప చేలల్లో దింపి, సాయంత్రం మళ్ళీ ఎవరింటికి వాళ్ళని చేర్చే పూచీ నాది. నా నోటికి ఊళ్ళో అందరూ దడుస్తారు. నేను దడిచేది నీళ్ళకి. ఆ సంగతి ముఠాలో ఎవరికీ తెలియనివ్వను. మేస్త్రే భయపడితే మిగతావాళ్ళు ఎక్కుతారా?

పడవ అంకమ్మరావు గారిది. పాత లారీ ఒకటి కొని, దాని ఇంజనూ గేరుబాక్సూ దించి పడవలో బిగించింది మాత్రం మా ఆయనే. కుర్రతనంలో అద్దంకిలో హుస్సేన్ సాహెబ్ షెడ్డులో లారీల పని నేర్చుకున్నాడు. బండి గేటు దాటకముందే వాసన పట్టి జబ్బు చెప్పేవాడని సాహెబ్ ఇప్పటికీ పదిమందికీ చెబుతాడు. ఆ పేరు చూసే అంకమ్మరావు గారు పడవ ఈయన చేతిలో పెట్టారు. ఆ పేరు చూసే ఆడవాళ్ళు పిల్లల్ని ఇళ్ళ దగ్గర వదిలి ధైర్యంగా ఎక్కేవారు.

మొదటి కోత సగంలో ఉంది. ఆ రోజు మబ్బుపట్టి ఉంది. నది నడిమికి వచ్చాం. ఉన్నట్టుండి ఇంజను గొంతు మారింది. హోరుమని పైకి లేచింది కానీ పడవ ముందుకి పోవడం మానేసింది. కాసేపటికి మా పడవ ముక్కు మెల్లగా దిగువకి తిరిగింది.

దిగువన ఏముందో మా అందరికీ తెలుసు. కట్టడం మధ్యలో ఆపేసిన వంతెన దిమ్మెలు. వాటి పక్కల నుంచి ఇనప చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పైన డ్యాములో కరెంటు తయారుచేసినప్పుడల్లా వదిలే నీళ్ళు ఆ దిమ్మెల సందుల్లోంచే పోవాలి. ఓ ఏడు అక్కడ చిక్కుకున్న గేదెని తీయడానికి మనుషులు దిగలేక, అది కుళ్ళిపోయేదాకా అలాగే వదిలేశారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, లేకపోలేదు. కూర్చోడానికి మెత్తగా ఉంటాయని అందరూ కింద వేసుకుంటారు. మా అమ్మాయి ఫెబా ఇంటరు అయిపోయి, నర్సింగు సీటు వచ్చేదాకా నాతో కోతలకి వస్తోంది. పడవ ముందు కొనలో చెవుల్లో పాటలు పెట్టుకుని, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుంది. దానికి ఏమీ తెలియలేదు.

మా ఆయన క్లచ్చు తొక్కి వదిలాడు. మళ్ళీ తొక్కి వదిలాడు. మూడోసారికి పడవ ఒక్క కుదుపు కుదిపి ముందుకి నడిచింది. రాజ్యం అని నా పక్కన కాయ కోసే మనిషి, నోట్లో మాట దాచుకోదు, నీ ఇంజను పొద్దున చద్దన్నం తినలేదా జయపాలూ అంది. పడవంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన కూడా నవ్వకుండా దిమ్మెల వైపే చూడటం నేను చూశాను.

ఇంటికొచ్చాక అడిగితే, పడవని తోసే నీళ్ళలోని పంకాకి గుర్రపుడెక్క చుట్టుకుందన్నాడు. సరే అన్నాను. రెండు రోజులు పోయాక మళ్ళీ అదే. మళ్ళీ గుర్రపుడెక్కేనన్నాడు. ఆ సాయంత్రం అందరూ దిగిపోయాక నేను ఉండిపోయి, అడుగు చెక్క ఎత్తి చూశాను. నీళ్ళ మీద తెట్టు వేలెడు మందాన ఉంది. ఎప్పుడూ అంత లేదు.

"మీ ఆముదమే," అన్నాడు.

ఆముదమైతే ఆముదమే, తేల్చుకుందామని మర్నాడు పొద్దున నేను సీసాలన్నీ లాగేసుకున్నాను. ఇక ఎవరూ ఈ ఒడ్డున పూసుకోకూడదు, లంకలో దిగాకే పూసుకోవాలి, సాయంత్రం ఇసకతో చేతులు రుద్దుకుని గోనెగుడ్డకి తుడుచుకుంటేనే పడవలో కాలు పెట్టాలి అన్నాను. పెద్ద గొడవైంది. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి రూలు వినలేదంది రాజ్యం. నీ మొగుడి పడవ మాసిపోతుందనా, మమ్మల్ని మసిగుడ్డల్లా చూస్తున్నావని ఇంకొకావిడ మొహం ముడుచుకుంది. నేనూ ఊరుకోలేదు, నా నోరు నాకుంది కదా. అయినా మాట విన్నారు. వారం తిరిగేసరికి పడవ చెక్కల మీద జిడ్డు పోయి తెల్లగా గీతలు కనిపించాయి. రోజూ తోడిపోస్తున్నా అడుగున తెట్టు మాత్రం అలాగే ఉంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆ నూనె మాది కాదు.

గుడ్డపేలిక ముంచి తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. వాసన చూడమన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చి, ఆముదమే అన్నాడు. వారం నుంచి పడవలో ఆముదం చుక్క లేదయ్యా అన్నాను. ఆ మాటకి ఆయన మొహం చూడాలి. అయితే ఇంజను ఆయిలేమో అన్నాడు. లేకపోతే గేరాయిలేమో అన్నాడు. మా ఆయన ఇంజను సంగతుల్లో 'ఏమో' అనడం పాతికేళ్ళ కాపురంలో నేను వినలేదు. నేనూ పేలిక వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. కోతల్లో మా ఎవరి ముక్కులూ పనిచెయ్యవు. పొద్దంతా చేలో ఘాటు, సాయంత్రం కల్లాల్లో ఎండుకాయ ఘాటు, ఇంటికొస్తే బట్టల్లో అదే ఘాటు.

అప్పుడు కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు. ఇంజను తిరుగుడుని పంకాకి అందించేది క్లచ్చు ప్లేటు. దానికి ముందు ఇంజను, వెనక గేరుబాక్సు. రెండిట్లోనూ నూనె ఉంటుంది, రెండిటికీ ఆ నూనె బయటికి రాకుండా ఓ రబ్బరు సీలు ఉంటుంది. ఏదో ఒక సీలు పోయింది. ఆ నూనె క్లచ్చు ప్లేటు మీద పడుతోంది. అందుకే జారుతోంది. గేరుబాక్సు సీలైతే ఒక్క పూట పని. ఇంజను సీలైతే ఇంజను మొత్తం పైకి లేపాలి, ఈ కోతలు మర్చిపోవాలి. క్లచ్చు మసి కలిసి రెండు నూనెలూ నల్లగానే ఉంటాయి, చూస్తే తెలియదు. పోనీ గేరుబాక్సులో నూనె ఎంతుందో చూద్దామంటే, చూసే బిరడా పడవ చెక్కకి ఆనుకుని ఉంది, చెయ్యి దూరదు. పాత ఇంజను ఎలాగూ నూనె తాగుతుంది కాబట్టి అది తగ్గినా లెక్కకి రాదు.

"మరి ఎట్లా తెలుస్తుంది?"

"వాసనకి తెలుస్తుంది," అని లేచి బయటికి వెళ్ళిపోయాడు.

సాహెబ్‌ని పిలుద్దామన్నాను. ఆయన్ని పిలిచేంత రోగం ఏమొచ్చిందని నా మీద ఎగిరాడు. మర్నాటి నుంచి అందరికంటే ముందు రేవుకి పోయేవాడు. క్లచ్చు ప్లేటు ఉండే డబ్బాకి పైనున్న కన్నంలోంచి పెట్రోలు పోసి కడిగి, గుప్పెడు పొడి సిమెంటు చల్లేవాడు. ఆ సిమెంటు పట్టుకి పడవ ఆ పూటకి నడిచేది. నేను ఫెబాని ముందు కొన నుంచి లాక్కొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. దాని కింద ఉన్న జాకెట్టు తీసి మెడలో వేశాను. అమ్మా, అందరూ చూస్తున్నారే అని విసుక్కుంది. చూడనీ అన్నాను. మాటిమాటికీ కళ్ళు ఆ దిమ్మెల వైపే పోయేవి. ఇంజను గొంతు ఏ కాస్త మారినా ఫెబా చెయ్యి పట్టుకునేదాన్ని. నోట్లో నోట్లో ప్రార్థన చేసుకునేదాన్ని. పైకి మాత్రం, ఏం రాజ్యం, నిన్న నీ సాలులో పండుకాయ అంతా వదిలేశావేం అని కేకలేస్తూ ఉండేదాన్ని.

ఆదివారం కోత ఉండదు. ఆరాధనకి నేనూ ఫెబా వెళ్ళాం. ఒంట్లో నలతగా ఉందని ఆయన ఇంట్లో ఉండిపోయాడు. ప్రసంగం సగంలో ఉండగా నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పలేను. ఫెబాని ఉండమని నేను లేచి వచ్చేశాను.

వాకిట్లో చెప్పులు విడుస్తుంటేనే గ్యాసు వాసన గుప్పుమంది. మిరప ఘాటుకి మొద్దుబారిన నా ముక్కుకే అంత కొట్టిందంటే ఇల్లంతా ఎంత నిండి ఉండాలి? తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. పొయ్యి మీద టీ పొంగి మంట ఆరిపోయి ఉంది, గ్యాసు సుయ్యిమని పోతూనే ఉంది. ఆయన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో అగ్గిపెట్టె. పుల్ల తీశాడు.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి గీస్తాడేమోనని భయం. వెనకనుంచి వెళ్ళి రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. పుల్ల కింద పడింది. సిలిండరు కట్టేసి, ఆయన్ని వాకిట్లోకి లాక్కొచ్చి, అరుగు మీద కూలబడ్డాను. ఏమైందే అని అడుగుతున్నాడు. ఏమైందేనా? నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన కళ్ళు దించుకున్నాడు.

"నాకు వాసన తెలీదు మహిమా. ఆ కరోనా జొరం తగ్గిన కాణ్ణించి ఏ వాసనా తెలీదు."

ఆ జొరం వచ్చి ఎన్నాళ్ళయింది! ఇన్నేళ్ళూ నేనేం వండి పెట్టినా కమ్మగా ఉందే అంటూ తిన్నాడు. అంతకుముందేడు పాడైపోయిన ఎండురొయ్యల కూర కూడా నేనూ పిల్లా ఉమ్మేస్తే ఆయన మారు వడ్డించుకున్నాడు. పాపం, మేం నొచ్చుకుంటామని తిన్నాడనుకున్నాను. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అంతకంటే ముందు దుఃఖం వచ్చింది. ఎవరికీ చెప్పుకోకుండా ఒక్కడే మోశాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే పడవ ఎవరెక్కుతారు అన్నాడు.

రేపు పడవ తియ్యొద్దన్నాను. తియ్యక తప్పదు, వాన పడేలా ఉంది, కాయ కుళ్ళిపోతుందని అంకమ్మరావు గారు పొద్దున్నే ఫోన్ చేశారన్నాడు. గేరుబాక్సు విప్పాలా, ఇంజను లేపాలా తెలిస్తే ఇవాళే మొదలుపెట్టొచ్చు. అది చెప్పగలిగిన ముక్కు అప్పటికి ఇంట్లో ఒక్కటే ఉంది. నాది. అదీ సగమే పనిచేస్తోంది.

"క్లచ్చు డబ్బా అడుగు కన్నంలోంచి కారే చుక్క వేడి మీద ఉండగానే చూడాలి," అన్నాడు. "చల్లారితే ఏ నూనైనా ఒకటే. పంకా బరువు లాగుతుంటేనే చుక్క పడుద్ది."

రేవులో కట్టేసి తిప్పుదామంటే రేవు పక్కనంతా కల్లాలు. గట్టు మీద కాలు పెడితేనే తుమ్ములు. అటు లంకలోనూ అంతే. మిరప గాలి లేని చోటు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, నది నడుమ. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

అప్పటికి ఫెబా ఆరాధన నుంచి వచ్చింది. సంగతి విని తనూ వస్తానంది. నువ్వు ఇంట్లోనే ఉండు, ఒకళ్ళన్నా మిగలాలి అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను, నవ్వు రాలేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక బయల్దేరాం. ఆదివారం డ్యాములో కరెంటు తీయరులే అన్నాడాయన. నేను చీర ఎగదోపి, పైన ఆయన పాత చొక్కా తొడుక్కుని, జడ పైకి ముడేసి గుడ్డ కట్టుకున్నాను. అడుగు చెక్కలు తీస్తే ఇంజను వెనక ఓ మనిషి బోర్లా పట్టేంత చోటుంది. అందులో పడుకున్నాను. నా చెవికి మూరెడు దూరంలో ఇనప రాడ్డు గిర్రున తిరుగుతోంది. చొక్కా అంచు తగిలినా లోపలికి లాగేసుకుంటుంది. పొట్ట కింద పలచటి చెక్క, ఆ చెక్క కింద కృష్ణ. ప్రభువా, ప్రభువా అనుకుంటూ క్లచ్చు డబ్బా అడుగున కన్నం కింద వేలు పెట్టాను.

నది నడిమికి వచ్చాక ఎదురు నీటికి పడవ తిప్పి ఇంజను పెంచాడు. మొదట చుక్క పడలేదు. తర్వాత ఒకటి పడింది, వేలు చురుక్కుమంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. గాలి పీల్చి వదిలి, పీల్చి వదిలి, ముక్కు చీదుకుని, ఇంకో చుక్క పట్టాను. అప్పుడు తగిలింది. సన్నగా, గొంతు దగ్గర.

"ఏవయ్యా, టపాకాయ కాల్చిన వాసన వస్తోంది. కుళ్ళిన గుడ్డులాగా కూడా ఉంది."

"గంధకమా?"

"అదే."

"గేరాయిలు," అన్నాడు. ఆ గొంతులో ఏడుపు ఉందో నవ్వు ఉందో నాకు తెలియలేదు. "గేరుబాక్సు సీలే మహిమా. ఒక్క పూట పని."

సరిగ్గా అప్పుడే ఇంజను హోరుమంది. పడవ ఆగింది. నేను లేచి కూర్చున్నాను. నీళ్ళ రంగు మారి ఉంది. పైనుంచి ఎర్రటి నీళ్ళు, కొట్టుకొస్తున్న చెత్త. ఆదివారమైనా నీళ్ళు వదిలారు. దిమ్మెలు నేను ఎప్పుడూ చూడనంత దగ్గరగా ఉన్నాయి.

లంగరు వేశాడు. ఇసకలో అది నిలవలేదు, మాతోపాటు జారుతూ వచ్చింది. క్లచ్చు తొక్కి వదిలాడు, మళ్ళీ తొక్కి వదిలాడు. పడవ మూలిగి కాస్త ముందుకి కదిలింది, మళ్ళీ జారింది. ఇంకా గట్టిగా ఇంజను పెంచాడు. కమురు వాసన కొట్టింది నాకు. పొయ్యి మీద గుడ్డ పడితే వచ్చేలాంటిది.

"కాలుతోందయ్యా."

ఆయన గబుక్కున క్లచ్చు తొక్కి ఇంజను తగ్గించాడు. ఆ ప్లేటు కాలిపోతే ఇక పట్టు ఉండదు, మనకి మిగిలింది అదొక్కటే అన్నాడు. ఆయనకి ఆ వాసన తెలిసి ఉంటే నేను చెప్పక్కర్లేదు. పెట్రోలు డబ్బా వైపు చూశాడు, అంత వేడి మీద పెట్రోలు పోస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు ముక్కు అక్కడే పెట్టు. కాలితే చెప్పు, తగ్గితే చెప్పు. మిగతాది నాకొదిలెయ్," అన్నాడు.

మళ్ళీ బోర్లా పడుకున్నాను. దిమ్మెలు ఇక నాకు కనపడవు. అది మేలో కీడో ఇప్పటికీ తేల్చుకోలేను. కనపడనివాటి మీద భయం ఇంకా ఎక్కువ. ఆయన మెల్లగా క్లచ్చు వదిలేవాడు. నేను కాలుతోంది అనేదాన్ని. ఆపేవాడు. పడవ దిగువకి పోయేది. తగ్గింది అనేదాన్ని. మళ్ళీ వదిలేవాడు. అలా ఎంతసేపో. ఒకసారి చెక్క మీద కర్రుమని శబ్దమైంది, పడవ పక్కకి ఒరిగింది. ఇనప చువ్వ గీరింది. ఆయన గెడ పెట్టి తోస్తూ అరుస్తున్నాడు. నేను కళ్ళు మూసుకుని ఒక్క ముక్కునే తెరిచి ఉంచాను. కాలుతోంది. తగ్గింది. ఇప్పుడు లేదు, ఇప్పుడు లేదు, పోనీ.

పడవ అడుగు మట్టికి తగిలినప్పుడు గానీ నేను తల ఎత్తలేదు. దిమ్మెలు దాటి చాలా దిగువన, మా వైపు ఒడ్డుకే కొట్టుకొచ్చాం. జమ్ములో ముక్కు దూర్చి పడవ నిలబడింది. ఆయన గెడ సగానికి విరిగి ఉంది. అరచేతులు రెండూ చీరుకుపోయాయి. నేను ఒడ్డుకి దిగి ఆ బురదలోనే కూర్చుండిపోయాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చీకటి పడకముందే ఆయనే సాహెబ్‌కి ఫోన్ చేశాడు. ముక్కు సంగతి ముందు చెప్పి, తర్వాత సీలు సంగతి చెప్పాడు.

సోమవారం పొద్దున ట్రాక్టరు పెట్టి గట్టెంబడే రేవుకి లాక్కొచ్చారు. హుస్సేన్ సాహెబ్ అద్దంకి నుంచి మొదటి బస్సుకే దిగాడు. అంకమ్మరావు గారు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, వాన ముంచుకొస్తుంటే పనిముట్లు పరుచుక్కూచున్నారేంటని గొడవ చేశారు. గేరుబాక్సు దించారు. సీలు పెదవి బయటికి తోసుకొచ్చి, చిరిగి ఉంది. కొత్తది పెట్టబోతుంటే సాహెబ్ ఆపాడు. ఇది ఊరికే చిరగలేదు, లోపలినుంచి ఏదో తోసింది, అది చూడకుండా బిగిస్తే నెలకే మళ్ళీ పోతుందన్నాడు.

గేరుబాక్సు నెత్తిన చిన్న గొట్టంలాంటి మూత ఉంటుంది. లోపల వేడికి పుట్టే ఆవిరి బయటికి పోయే దారి అది. అది పూర్తిగా మూసుకుపోయి ఉంది. సాహెబ్ స్క్రూడ్రైవరుతో పెకలిస్తే తారుముద్దలాంటిది ఊడొచ్చింది. నా చేతిలో పెట్టాడు. అందులో మిరప గింజలు. మిరప దుమ్ము. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రెండు రోజులుగా చేలోకి పోలేదు, వాన భయానికి రేవు కల్లాల మీద పట్టలు కూడా కప్పేశారు, ఈసారి వెంటనే తెలిసింది.

ఆముదం.

ఏళ్ళ తరబడి మా చేతుల నుంచీ కాళ్ళ నుంచీ చెక్కల సందుల్లోంచి కారి, మా బట్టల నుంచి రాలిన దుమ్మూ గింజలూ కలుపుకుని, ఆ మూతని మూసేసింది మేమే. ఆవిరి పోయే దారిలేక సీలుని తోసుకుని నూనె బయటికొచ్చింది. ఆ ముద్ద తీసుకెళ్ళి గట్టు మీద కూర్చున్న రాజ్యానికి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, అయితే పాడు చేసిందీ మేమే, పోబోయిందీ మేమేనా అంది.

కొత్త సీలు, కొత్త ప్లేటు వేశారు. ఆ మూతకి పొడుగు గొట్టం తగిలించి, చెక్కల పైకి తెచ్చి, మూతికి పలచటి గుడ్డ కట్టారు. మంగళవారం పొద్దున అందరూ రేవులో చేరారు. ఎక్కబోతుంటే మా ఆయన అడ్డంగా నిలబడ్డాడు. నేను చెప్పమనలేదు. ఆయనంతట ఆయనే చెప్పాడు, తనకి వాసన తెలియదని, ఎన్నాళ్ళనుంచో కూడా.

ముందే చెప్పొచ్చు కదా అంది రాజ్యం. చెబితే మీరు ఎక్కేవాళ్ళు కాదన్నాడు. రాజ్యం ఆలోచించి, నిజమే, ఎక్కేవాళ్ళం కాదు అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మేస్త్రీ, నువ్వు ఎక్కుతున్నావా?"

ఎక్కుతున్నాను, కానీ ఇక నేను కాయ కొయ్యను, చేలోకి దిగను, ఇంజను పక్కన కూర్చుంటాను, ముఠా నువ్వు చూసుకో అన్నాను. రాజ్యం లైఫ్ జాకెట్టు తీసి తొడుక్కుని, తాడు ముడేసుకుని, ముందు కాలు పెట్టింది. దాని వెనకే ఒక్కొక్కళ్ళూ ఎక్కారు. ముక్కుకి కూడా కూలీ ఇవ్వాలా అని అంకమ్మరావు గారు గొణిగారు గానీ, ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఆయన వైపు చూసేసరికి ఊరుకున్నారు.

అప్పట్నుంచి రోజూ ఒకటే తంతు. చేలోకి దిగడం మానేశాక రేవు గాలిలో కూడా నాకు వాసనలు తెలుస్తున్నాయి. తాడు విప్పాక మా ఆయన నా వైపు చూస్తాడు. నేను క్లచ్చు డబ్బా దగ్గర తల వంచి లేచి, ఏం లేదు పో అంటాను. అప్పుడు పడవ కదులుతుంది. ఆ మధ్య ఇంట్లో కూర పొయ్యి మీద ఉండగా, ఇప్పుడు ఏం వాసనొస్తోంది అని అడిగాడు. పోపులో ఇంగువ అని చెప్పాను. ఓహో అని పొయ్యి మీదికి వంగి గట్టిగా గాలి పీల్చాడు.

ఆఖరి కోత రోజులు. లంకలో కల్లం నిండా కాయ ఎండుతోంది, ఆకాశం నల్లబడింది, అంకమ్మరావు గారు అక్కడ పట్టలు పట్టుకుని మా కోసం కాచుకుని ఉన్నారు. ఆ పొద్దున నేను లేచేసరికి తల దిమ్ముగా ఉంది. కాఫీ పొడి డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. జండూబామ్ పీల్చాను. ఏమీ లేదు. ముక్కు దిబ్బడేసింది. కొత్త సీలు వేసి ఇన్నాళ్ళయింది, ఒక్క చుక్క కారలేదు. ఈ ఒక్క రోజుకి ఏమీ కాదు. రోజూ అన్నట్టే ఏం లేదు పో అంటే సరి, నా ముక్కు సంగతి ఎవరికి తెలుస్తుంది? రేవు దాకా నడుస్తూ అదే అనుకున్నాను. ఆయన ఇన్నేళ్ళూ రోజూ ఈ దారిలో ఎలా నడిచి ఉంటాడో ఆ పొద్దున తెలిసింది.

అందరూ ఎక్కి కూర్చున్నారు. ఫెబా జాకెట్టు తాడు బిగించుకుంటోంది. నీళ్ళు ఎర్రగా, వడిగా పోతున్నాయి. లంక నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. మా ఆయన తాడు విప్పి నా వైపు చూశాడు. నేను తల వంచాను, లేచాను. ఏం లేదు పో అనడానికి నోరు రాలేదు.

"జలుబు చేసిందయ్యా. నాకేమీ తెలియడం లేదు."

ఆయన ఇంజను ఆపేశాడు. విప్పిన తాడు మళ్ళీ గుంజకి చుట్టి రెండు ముళ్ళు వేశాడు. మోగుతున్న ఫోన్ ఎత్తి, "అంకమ్మరావు గారూ, ఇవాళ పడవ రాదండి," అన్నాడు. "ఇవాళ మాకు ముక్కు లేదండి."